లక్ష్మా పేరు మీద పెద్ద గంజు

ఊళ్లో పెళ్లి కుదిరినా, ఎవరైనా పోయినా జనం ముందు మా ఇంటికే వస్తారు. మేమేదో పెద్దలమని కాదు. మహిళా సంఘం వంటగిన్నెలన్నీ మా వెనకింట్లో ఉంటాయి. మా నాయనమ్మ కట్టమ్మ సంఘానికి అధ్యక్షురాలు. ఆమె తెల్లారకముందే చేనుకు పోతుంది కాబట్టి, వచ్చినవాళ్లకు ఏ గిన్నె ఏ రోజు ఖాళీగా ఉందో చెప్పే పని నాది.

ఆ పనికి నాకంటే పనికిరాని మనిషి నర్మెట్ట మండలం మొత్తం వెతికినా దొరకదు. వాకిట్లో చెప్పుల చప్పుడు వినబడితే చాలు, నా నాలుక అంగిట్లో అతుక్కుపోతుంది. నాయనమ్మ లేదా అని అడిగితే తల అడ్డంగా ఊపుతాను. ఎప్పుడొస్తుందని అడిగితే ఆ జవాబు తలతో చెప్పడానికి వీలుకాదు. నిలబడి చూస్తుంటాను. కొందరు నాకు పొగరనుకుంటారు. కొందరు చెవుడనుకుని దగ్గరికొచ్చి గట్టిగా అరుస్తారు.

నేను తడుముకోకుండా మాట్లాడేది ఒక్క నిఖత్ అక్కతోనే. మా వీధి చివర మిషను కుడుతుంది. ఆరో తరగతి నుంచి నా స్కూలు డ్రెస్సులన్నీ ఆమె కుట్టినవే. కొలతలు తీసేటప్పుడు ఆమె పెదాల మధ్య గుండుసూదులు ఉంటాయి కాబట్టి మాట్లాడాల్సింది నేనే. అట్లా అలవాటయింది.

మా ఊరి బడిలో పదో తరగతి అయ్యాక జనగామలో ఇంటర్ ఒకేషనల్, కంప్యూటర్ కోర్సులో చేరాను. మొదటి సంవత్సరం అయిపోయి వేసవి సెలవులు రాగానే నాకొక ఆలోచన వచ్చింది. గిన్నెలకు ఒక వెబ్‌సైటు ఉంటే ఇక నాతో ఎవరికీ పనుండదు. ఎవరి ఫోనులో వాళ్లు పేరు చెప్పి, గిన్నె చూసుకుని, తారీఖు నొక్కితే సరిపోతుంది. ఆ రోజు నేను వెనకింటి తాళం తీసి పక్కకు తప్పుకుంటే చాలు. ఊరికి ఉపకారమని నాయనమ్మతో చెప్పాను కానీ అసలు కారణం ఇదే.

భూపాలపల్లిలో మా పెదనాన్న కొడుకు హరీశ్ అన్న కంప్యూటర్ నేర్పుతాడు. తన పాత లాప్‌టాప్ నాకిచ్చి, ఫోనులో చెబుతూ నాతో సైటు చేయించాడు. ఎక్కడో ఉచితంగా దొరికే సర్వర్లో పెట్టించాడు. రెండు వారాల్లో తయారయింది. గిన్నెల బొమ్మలు పెట్టాను. మధ్యలో పెద్ద గంజు బొమ్మ. సంఘానికి అట్లాంటిది ఒకటే ఉంది. మూడు వందల మందికి ఒక్కసారే వండొచ్చు. ఎత్తాలంటే నలుగురు కావాలి.

మొదటి చిక్కు నాయనమ్మతోనే వచ్చింది.

వెబ్‌సైటుకు తనంతట తనకు జ్ఞాపకం ఉండదు. ఒక పేజీ చూసి ఇంకో పేజీకి పోతే, అదే మనిషని దానికి తెలియదు. అందుకని మొదటిసారి పేరు చెప్పగానే అది ఫోనుకు ఒక చీటీ ఇస్తుంది. జనగామ స్టేషన్ దగ్గర సైకిల్ స్టాండు టోకెను లాంటిదే, దాని మీద ఒక నంబరు ఉంటుంది. ఆ నంబరు ఎవరిదో సైటు తన దగ్గర రాసిపెట్టుకుంటుంది. మళ్లీ వచ్చినప్పుడు ఫోను ఆ టోకెను చూపిస్తే, ఓహో మీరా అంటుంది. దీన్నే సెషన్ అంటారు. నేను ఆ రాతను సర్వరు నెత్తిలో పెట్టాను. ఉచిత సర్వరేమో పావుగంట ఎవరూ పలకరించకపోతే నిద్రపోతుంది. లేచేసరికి నెత్తిలో ఏమీ ఉండదు.

నాయనమ్మ పొద్దున ఒకసారి పేరు చెప్పింది. చేను దగ్గర్నుంచి మధ్యాహ్నం చూస్తే, మీ పేరేమిటి అని సైటు మళ్లీ అడిగింది. సాయంత్రం మళ్లీ అడిగింది. ఇంటికొచ్చి ఫోను నా ఒళ్లో పడేసింది.

"పొద్దుగాల చెప్పిన గదనే నా పేరు. మళ్ల నువ్వెవరు అంటదేంది? ఈ ఊర్ల నన్ను నువ్వెవరు అన్నోడు ఇంకా పుట్టలే."

సంఘంలో మిగతావాళ్లు కూడా అదే మాట అన్నారు. ఒకామె అయితే తన పేరు చెప్పనని మొండికేసింది. తెలిసీ అడిగేదానికి ఏం చెబుతామంది. ఇట్లా అలిగినవాళ్లంతా మళ్లీ మా వాకిట్లోకే వచ్చి నిలబడటం మొదలుపెట్టారు. నాకు అదే భయం.

అందుకని ఆ రాతను సర్వరు నెత్తిలోంచి తీసి, నిద్రపోయినా చెరిగిపోని చోట, డేటాబేసులో పెట్టాను. హరీశ్ అన్న మెచ్చుకున్నాడు. సెషన్‌కు అరగంట గడువు పెట్టమని, అరగంట దాటితే సైటు ఆ మనిషిని మరిచిపోవాలని చెప్పాడు. సరేనన్నాను. గడువు ఒక సంవత్సరం పెట్టాను. ఎవరినీ ఏదీ రెండోసారి అడగకూడదు, నా దగ్గరికి ఎవరూ రాకూడదు. ఇంకో నియమం కూడా పెట్టాను. ముసలివాళ్లు ఒకే బటన్ రెండుసార్లు నొక్కుతున్నారు. అందుకని ఒకే మనిషి ఒకే రోజుకు ఒకే గిన్నెను మళ్లీ అడిగితే, పాతది తీసేసి కొత్తది ఉంచమన్నాను. మనసు మార్చుకున్నట్టు లెక్క.

నెల రోజులు ఊరంతా నిశ్శబ్దం. వాకిట్లో చెప్పుల చప్పుడు లేదు. సైటులో మాత్రం బుకింగులు పడుతూనే ఉన్నాయి. ప్రతి గురువారం సైటు ఆ వారం జాబితా తయారుచేస్తుంది. నేను దాన్ని చదవకుండానే సంఘం వాట్సాప్ గ్రూపులో వేస్తాను. ఆ రోజుల్లో నా డైరీలో ఎక్కువగా ఎంత హాయిగా నిద్రపోయానో అనే ఉంది.

మే నెల చివరి శుక్రవారం, పొద్దున పదింటికి కిరాణా దుకాణం లక్ష్మా మా ఇంటికొచ్చాడు. వెనకాల కొంగుతో ముఖం కప్పుకుని ఒకామె ఏడుస్తూ వచ్చింది. నాయనమ్మ ఆ రోజు మోకాళ్ల నొప్పితో ఇంట్లోనే ఉంది.

"బిడ్డా, నువ్వు రాసినదాంట్ల సచ్చింది నేనా, నా ఇంట్ల ఎవరన్ననా, జర సూసి చెప్పు," అన్నాడు లక్ష్మా. "మా అక్క ఏడ్సుడు ఆపుతలేదు."

జరిగింది ఇది. ముందురోజు నేను వేసిన జాబితాలో "ఆదివారం, లక్ష్మా, పెద్ద గంజు, దినాలు" అని ఉంది. అది ఏ ఫోను నుంచి ఏ ఫోనుకు పోయిందో, పక్క తండాలో ఉన్న వాళ్లక్క దాకా చేరింది. తమ్ముడింట్లో ఎవరో పోయి పది రోజులైనా తనకు కబురు పంపలేదని ఆమె ఒక బియ్యం మూట ఆటోలో వేసుకుని, దారి పొడుగునా ఏడ్చుకుంటూ వచ్చింది. దుకాణం ముందు దిగేసరికి లక్ష్మా చక్కెర తూకం వేస్తున్నాడు. ఆమె మెడమీద పడి ఎవరు పోయారని అడిగింది. అక్క ఇంత ఏడుస్తుందంటే బావకే ఏదో అయిందనుకుని అతనూ ఎవరు పోయారని అడిగాడు. ఇద్దరూ కలిసి కాసేపు ఏడ్చారు. లోపల్నుంచి లక్ష్మా భార్య బయటికొచ్చాకగానీ, అందరూ బతికే ఉన్నారన్న సంగతి తేలలేదు. అయినా అంత దూరం నుంచి మోసుకొచ్చిన ఏడుపు ఒక్క మాటతో ఆగదు కదా. బియ్యం మూట మాత్రం దుకాణంలోనే దింపించాడట.

నేను లాప్‌టాప్ తెరిచాను. లక్ష్మా పేరు మీద పద్నాలుగు బుకింగులున్నాయి. రెండు పెళ్లిళ్లు, ఒక చీరకట్టుడు, మూడు పుట్టువెంట్రుకలు, ఒక గృహప్రవేశం, ఒక దినాలు, ఇంకా ఏవేవో. నేను గొణుగుతూ చదువుతుంటే నాయనమ్మ వింటూ బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

"ఏమయ్యా లక్ష్మా, ఒక్క ఎండకాలంల ఇంత సంసారం ఎట్ల చేసినవ్?"

లక్ష్మా ఇంట్లో ఉన్నది మొగుడూ పెళ్లాలిద్దరే. పిల్లలు హైదరాబాదులో చదువుకుంటున్నారు.

అప్పుడు అతను చెప్పిన మాటతో నాకు సంగతి అర్థమైంది. మా ఊళ్లో ఇళ్ల మధ్య సిగ్నల్ సరిగ్గా అందేది నీళ్ల ట్యాంకి దగ్గరే. ట్యాంకి పక్కనే అతని దుకాణం. అతని ఫోను ఎప్పుడూ గల్లాపెట్టె మీద పడి ఉంటుంది. గిన్నెలు కావాల్సినవాళ్లు ఉప్పుకో పప్పుకో వచ్చినప్పుడు, అన్నా జర ఫోనియ్యి అని, వాళ్లే తీసుకుని నొక్కుకుంటున్నారు. సైటు నిజానికి మొదటిరోజే పేరడిగింది. లక్ష్మా తన పేరు చెప్పాడు. నేను సంవత్సరం గడువు పెట్టాను కదా, అప్పట్నుంచి ఆ ఫోను ఎవరు పట్టుకున్నా సైటుకు లక్ష్మానే. నిండు గర్భిణి పట్టుకున్నా, పళ్లూడిన ముసలాయన పట్టుకున్నా, పైన పచ్చరంగులో "నమస్తే లక్ష్మా అన్నా" అని మర్యాదగా వస్తుంది.

అది చూసి ఒక్కరికీ అనుమానం రాలేదు. దుకాణంవాళ్లు ఉగాదికి పంచే క్యాలెండరు మీద దుకాణం పేరు ఉంటుంది. చీరల సంచీ మీద షాపు పేరు ఉంటుంది. లక్ష్మా దుకాణంలో చూసే సైటు మీద లక్ష్మా పేరు ఉండటంలో వింతేముంది? కొందరైతే గిన్నెల సైటు పెట్టింది లక్ష్మానే అనుకుని అతనికి కృతజ్ఞతలు కూడా చెప్పారట. దేనికో తెలియకపోయినా అతను పర్వాలేదన్నాడట.

ఈ ఆదివారం దినాలు పోశయ్యవని నాయనమ్మ వెంటనే చెప్పింది. పై వీధి పోశయ్య వాళ్లమ్మ పోయి తొమ్మిది రోజులయింది. పదకొండో రోజు ఆదివారం. లక్ష్మా వాళ్లక్కకు ఆ మాట చెబితే ముఖం తుడుచుకుని, ఆ ముసలామె తనకు తెలుసని మళ్లీ కొంచెం ఏడ్చింది. ఇద్దరూ వెళ్లిపోయారు. నాయనమ్మ నవ్వుకుంటూ మంచం ఎక్కింది.

నేను మాత్రం నవ్వలేకపోయాను. ఆ బుకింగు పక్కన చిన్న అక్షరాల్లో "ఒకసారి మార్చబడింది" అని ఉంది. పాత రాత తీసి చూశాను. నెల కిందటిది. "ఆదివారం, లక్ష్మా, పెద్ద గంజు, షాదీ."

ఆ ఆదివారం ఊళ్లో ఉన్న షాదీ ఒకటే. నిఖత్ అక్కది.

వాళ్లమ్మ అజ్మత్ బీ నెల ముందే లక్ష్మా ఫోనులో పెద్ద గంజు రాసుకుంది. తర్వాత పోశయ్య అదే ఫోనులో, అదే గంజు, అదే రోజుకు రాసుకున్నాడు. సైటు నా నియమం ప్రకారం నడుచుకుంది. లక్ష్మా అన్న షాదీ చేద్దామనుకుని, మనసు మార్చుకుని దినాలు చేస్తున్నాడని షాదీని తీసేసింది. ఇద్దరికీ ధన్యవాదాలు చెప్పింది. ఇద్దరూ గంజు తమదేనన్న ధీమాతో ఉన్నారు.

హరీశ్ అన్నకు ఫోను చేశాను. మొత్తం విని అవతల చాలాసేపు నవ్వాడు. తర్వాత, "సెషన్ ఫోనుది చెల్లె, మనిషిది కాదు. అరగంట పెట్టుమని గందుకే చెప్పిన," అన్నాడు. నర్మెట్టలో టెంట్‌హౌస్‌కు కూడా అతనే ఫోను చేసి కనుక్కున్నాడు. ఆదివారం మంచి ముహూర్తమట, పెద్ద గిన్నెలు ఒక్కటీ లేవు. జనగామలో కూడా అంతే.

స్టేషన్ ఘన్‌పూర్ నుంచి పెళ్లికొడుకు తరఫున నూటయాభై మంది వస్తున్నారు. ఊళ్లోవాళ్లు ఇంకో నూరు. బిర్యానీ ఆ గంజులో తప్ప ఇంకెందులోనూ ఉడకదు. నాయనమ్మను లేపి చెప్పాను. ఆమె మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని లేచింది. చెప్పులేసుకుంది.

ముందు నిఖత్ అక్కవాళ్లింటికి పోయాం. అక్క చేతులకు మెహందీ పెట్టుకుని వేళ్లు దూరంగా చాపి కూర్చుంది. నన్ను చూసి నవ్వి, తన ముక్కు మీద దురద పెడుతోంది గోకమంది. గోకాను. గోకుతూనే ఊపిరి తీసుకోకుండా మొత్తం చెప్పేశాను. అక్క నవ్వు ఆగిపోయింది. తెల్లబోయిన ఆ ముఖం చూడలేక నేను ఆమె మోచేతి మీది పువ్వు డిజైను వైపు చూస్తూ కూర్చున్నాను. అజ్మత్ బీ వంటింట్లోంచి అంతా విన్నది. ఆమె తిట్టుంటే బాగుండేది. కొంగు సర్దుకుని, పోశయ్య ఇంటికి తానూ వస్తానంది.

దారిలోనే ఆమె ఉపాయం ఆలోచించింది. దినాల భోజనం మధ్యాహ్నం. పెళ్లి దావత్ రాత్రి. గంజు మూడింటికల్లా చేతికొస్తే ఏడున్నరకు బిర్యానీ దించొచ్చు. ఇంక గంజులో ముందు ఉడికే మాంసం సంగతంటారా, మా ఊళ్లో ఎవరింట్లో మేక తెగినా, యాట తెగినా హలాల్ చేసేది ఆమె భర్త అక్తర్ మామే. పోశయ్య ఆదివారం పొద్దున్నే రమ్మని అప్పటికే చెప్పి ఉంచాడు. కూతురి పెళ్లిరోజైనా అక్తర్ మామ వస్తానన్నాడు.

పోశయ్య గుండు చేయించుకోవాల్సిన తల మీద తువ్వాల కప్పుకుని అరుగు మీద కూర్చున్నాడు. ముందు అతను ఒప్పుకోలేదు. గంజు ఇవ్వనని కాదు. చావింట్లో వండిన గిన్నె అదే పూట పెళ్లింటికి పంపితే, రేపు ఆ పిల్లకు తలనొప్పి వచ్చినా తన మీదికే వస్తుందన్నాడు.

అజ్మత్ బీ అరుగు కింద నిలబడి చెప్పింది. "గిన్నెకేం ఎర్క పోశయ్యన్నా, అండ్ల ఎవరు తిన్నరో? మంచిగ తోమితె అయిపాయె. ముసలమ్మ నా పెండ్లికొచ్చి పాట పాడింది. ఆమె గంజు నా బిడ్డకు కీడు జేస్తదా?"

పోశయ్య తువ్వాలతో కళ్లు ఒత్తుకుని సరేనన్నాడు. అయితే ఒక షరతు పెట్టాడు. కూరను గంజులోంచి వేరే దాంట్లోకి ఒంపకూడదు.

"ఒంపితె మిగిలినట్టు. మిగిలితె అవ్వ కడుపు నిండనట్టు. తినేటోళ్లు తిని గంజు ఖాళీ అయినంకనే తీస్కపోన్రి."

నాయనమ్మ ఒప్పుకుంది. పన్నెండింటికి వడ్డన మొదలైతే రెండింటికల్లా గంజు ఖాళీ అవుతుందని లెక్క వేసింది. శనివారం పొద్దున కూర్చుని నేను సైటు మార్చాను. సెషన్ గడువు పది నిమిషాలు. ప్రతి బుకింగుకు ఎవరింటి కోసమని విడిగా అడుగుతుంది. మొదట వాడి చూసింది నాయనమ్మే. మళ్లీ నువ్వెవరు అంటోందని సణిగింది కానీ ఈసారి పేరు చెప్పింది.

ఆదివారం ఏదీ లెక్క ప్రకారం జరగలేదు. చెరువు దగ్గర కార్యక్రమం ఆలస్యమైంది. పోశయ్య వాళ్లమ్మ పుట్టింటివాళ్లు మహబూబాబాద్ నుంచి రావాలి. వాళ్ల రైలు ఎక్కడో ఆగిందని కబురొచ్చింది. వాళ్ల కోసం చూసి చూసి, ఒంటిగంటకు మొదటి బంతి కూర్చోబెట్టారు. జనం నెమ్మదిగా తింటున్నారు. దినాల భోజనంలో తొందరపడేవాళ్లెవరుంటారు? ఒక ముద్ద తినడం, ముసలమ్మ గురించి ఒక మాట చెప్పుకోవడం. ఆమె కల్లు బాగా తాగేదని ఒకరు, తాగినా పొలం గట్టు తప్పేది కాదని ఇంకొకరు. రెండింటికి నేను మూత తీసి చూశాను. గంజులో కూర సగానికి పైనే ఉంది. రోడ్డు మీద అక్తర్ మామ ట్రాక్టరు ఇంజను ఆపకుండా పెట్టుకుని ఉన్నాడు. యాట కోసినప్పటి బట్టల్లోనే ఉన్నాడు, పెళ్లికూతురి తండ్రి.

నాయనమ్మ వైపు చూశాను. ఆమె తల తిప్పుకుంది. చావింట్లో కూర్చున్నవాళ్లను తొందరగా తిని లేవమని ఎవరంటారు? ఆ మాట అనగల నోరు మా ఊళ్లో ఎవరికీ లేదు. నాకైతే ఏ మాట అనే నోరూ లేదు.

నేను బకెట్ తీసుకుని గంజులో ముంచాను.

వరస మొదట్లో కూర్చున్న ఆయన ఇస్తారిలో రెండు గంటెల కూర వేశాను. ఆయన చాలన్నాడు. మామూలుగా అయితే వడ్డించేవాళ్లు ఏదో ఒకటి అనాలి, తినండి పెదనాయినా అనో, మళ్లీ ఎప్పుడు వస్తారనో. నాకు అవేవీ రావు. ఇంకో గంటె వేశాను. ఆయన రెండు చేతులూ ఇస్తారి మీద అడ్డం పెట్టాడు. వేళ్ల సందు చూసుకుని అక్కడ ముక్కలు జారవిడిచాను. పక్కామెకు మూడు, ఆ పక్కామెకు నాలుగు. వద్దు బిడ్డా అంటే ఆగటం నా చేతికి తెలియలేదు. బకెట్ ఖాళీ అయితే మళ్లీ ముంచాను. ఎవరి ముఖం వైపూ చూడలేదు. ఇస్తార్లే చూశాను. ఖాళీ కనబడ్డచోటల్లా నింపుకుంటూ పోయాను.

రెండో బంతి నడుస్తుండగా జనంలో మార్పు వచ్చింది. దినాల్లో ఇంత కొసరి కొసరి పెట్టడం ఈ మధ్య చూడలేదని ఒకాయన అన్నాడు. ఈ పిల్ల ఎవరని అడిగారు. కట్టమ్మ మనవరాలన్నారు. మాట్లాడదు కానీ చెయ్యి ఎంత పెద్దదో అన్నారు. నడుము వంగిన ఒక ముసలాయన పంచె ముడి వదులు చేసుకుని, ఇంకా వెయ్యమన్నట్టు ఇస్తారి ముందుకు జరిపాడు. అతన్ని చూసి పక్కవాళ్లూ జరిపారు. ఇంటికి పోదామని లేచినవాళ్లు కూడా చేతులు కడుక్కోకుండా నిలబడి చూశారు. వాళ్లనూ కూర్చోబెట్టి వేశాను. పోశయ్య వచ్చి నా పక్కన నిలబడ్డాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. మా అమ్మే వచ్చి వడ్డించినట్టుంది బిడ్డా అన్నాడు. నాకు సిగ్గేసి, నిలబడి ఉన్న అతని చేతిలో కూడా ఒక ఇస్తారి పెట్టి కూర వేశాను.

మూడింటికి పది నిమిషాలుండగా గంటె గంజు అడుగున గీసుకుంది. అడుగున మిగిలిన పులుసును నాయనమ్మ అన్నం కలిపి, అక్కడ ఆడుకుంటున్న పిల్లలకు ముద్దలు పెట్టేసింది. నలుగురు గంజును ట్రాక్టరు ట్రాలీలోకి ఎత్తారు. బోరు దగ్గర ఆపి పీచు, బూడిద పెట్టి తోమారు. నేనూ లోపలికి దిగి తోమాను. బయటికి రావడానికి ఇద్దరు చెయ్యి పట్టి లాగాల్సి వచ్చింది. మూడున్నరకు అజ్మత్ బీ ఇంటి వెనకాల పొయ్యి మీద గంజు కూర్చుంది. నిఖత్ అక్క కిటికీలోంచి దాన్ని చూసి, మెహందీ చేతులతోనే నన్ను దగ్గరికి రమ్మంది. నా ఒళ్లంతా బూడిదని దూరంగానే నిలబడ్డాను.

సాయంత్రం నిఖా అయ్యింది. బిర్యానీ దించేసరికి ఎనిమిదయింది, అరగంట ఆలస్యం. స్టేషన్ ఘన్‌పూర్ వాళ్లు ఆ అరగంటలో కొంచెం గొణిగి, మూత తీయగానే మానేశారు.

సరిగ్గా అప్పుడే మహబూబాబాద్ వాళ్లు తొమ్మిది మంది పోశయ్య ఇంటికి చేరారట. పొద్దున బయల్దేరినవాళ్లు, ఆగిన రైలు దిగి బస్సు పట్టుకుని, చీకటి పడ్డాక వచ్చారు. పుట్టింటివాళ్లు దినాల ముక్క తినకుండా పోకూడదు. వాళ్లకు పెట్టడానికి పప్పు ఉంది, పచ్చిపులుసు ఉంది, మాంసం ముక్క ఒక్కటీ లేదు. అంతా నేనే వడ్డించేశాను. పోశయ్య తల పట్టుకున్నాడు. ఎవరు ఎవరితో చెప్పారో తెలియదు, కాసేపటికి అక్తర్ మామ కొత్త షేర్వాణీతో వాళ్ల వాకిట్లోకి పోయి, గంజు మా ఇంట్లో ఉంది, అందరూ రండి అన్నాడట. పోశయ్య క్షణం ఆలోచించి, గంజు అదే కదా అన్నాడట. అందులో తింటే తిన్నట్టేనని వాళ్లను తనే వెంటబెట్టుకుని వచ్చాడు.

ఎర్రలైట్లు, డప్పులు, అత్తరు వాసనల మధ్య వాళ్లు తొమ్మిది మందీ చావుకొచ్చిన ముఖాలతో ఒక వరసలో కూర్చున్నారు. పెళ్లికొడుకు తరఫువాళ్లు వాళ్లను అనుమానంగా చూశారు. నేను బకెట్ తీసుకుని వాళ్లకు వడ్డించబోయాను. అజ్మత్ బీ నా చేతిలోంచి బకెట్ లాక్కుని, నీకు ఇస్తే నా చుట్టాలకు మిగలదంది. నన్ను కూడా ఆ వరస చివర కూర్చోబెట్టింది. పొద్దున్నుంచి నేనేమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది.

ఆ తొమ్మిది మందిలో పెద్దాయన, చనిపోయినామె తమ్ముడట, రెండు ముద్దలు తిన్నాక తలెత్తాడు. ఆచారం ప్రకారం ఇంటివాళ్లను అడగాల్సిన మాట ఒకటి ఉంది. ఎదురుగా బకెట్‌తో నిలబడి ఉన్నది అజ్మత్ బీ.

"ఆఖరుకు మా అక్క ఏమన్న పరేషాన్ అయిందా అమ్మా?"

"ఏం గాలేదన్నా," అంది అజ్మత్ బీ అతని ఇస్తారిలో ఇంకో ముక్క వేస్తూ. "పొద్దుగాల చాయ తాగింది, నా బిడ్డ పెండ్లి ఎన్నడని అడిగింది, ఒరిగింది. నువ్వు కడుపునిండ తిను."

ఆయన తల ఊపి, ముద్ద కలుపుకున్నాడు.